కథను నమ్ముకున్న నట దర్శకుడు: నెల్లూరు వై.వి. రావు

పాఠం – 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 నెల్లూరు తీరం – మద్రాసు దారి
7.3 మూకీ చిత్రాలు నేర్పిన కథనం
7.4 భాషలు దాటిన కథకుడు
7.5 మూడు చిత్రాలు – ఒకే ప్రశ్న
7.6 నటుడు కథలో ఎక్కడ నిలబడ్డాడు?
7.7 ఇతర చిత్రాలు, తరువాతి తరం
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
7.11 అభ్యాస కృత్యం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వై.వి. రావు సినీ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
• మూకీ చిత్రాల కాలంలో కథ చెప్పే పద్ధతి ఎలా ఉండేదో, టాకీ రాకతో అది ఎలా మారిందో తెలియజేయగలుగుతారు.
• 'సతీ సులోచన', 'మళ్ళీ పెళ్ళి', 'సావిత్రి' చిత్రాల కథావస్తువులను పోల్చి విశ్లేషించగలుగుతారు.
• ఒక దర్శకుడి చిత్రాలన్నిటిలో కనిపించే అంతస్సూత్రాన్ని సొంతంగా గుర్తించే పద్ధతిని అలవరచుకుంటారు.

7.1 పరిచయం

దక్షిణ భారత సినిమా తొలినాళ్ళ గురించి చదివేటప్పుడు మీకు ఒక పేరు పదేపదే ఎదురవుతుంది. తొలి కన్నడ టాకీ దర్శకుడెవరు? ఒకే థియేటర్లో ఏడాదికి పైగా ఆడిన తొలి తమిళ చిత్రానికి దర్శకుడెవరు? బాల వితంతువు పునర్వివాహాన్ని 1939లోనే తెలుగు తెర మీదికి తెచ్చినదెవరు? మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే: యరగుడిపాటి వరదారావు. సినిమా వాళ్ళు ఆయనను వై.వి. రావు అని పిలిచారు. 1903లో నెల్లూరులో జన్మించి 1973లో మరణించారు.

ఇన్ని 'తొలి' ఘనతలున్నా ఆయన పేరు ఈనాటి ప్రేక్షకులకు అంతగా తెలియదు. ఒక కారణం, ఆయన కృషి మూడు భాషల్లో చెదిరి ఉండటం. కన్నడ సినిమా చరిత్రలో ఒక అధ్యాయంగా, తమిళ సినిమా చరిత్రలో మరొక అధ్యాయంగా, తెలుగులో ఇంకొక అధ్యాయంగా ఆయన విడివిడిగా కనిపిస్తారు. ఈ పాఠంలో ఆ మూడు అధ్యాయాలను ఒకచోట చేర్చి చదువుదాం. అప్పుడే ఆయన ఏ కథలను ఎంచుకున్నారు, వాటిని ఎలా నడిపారు అనేది స్పష్టమవుతుంది.

7.2 నెల్లూరు తీరం – మద్రాసు దారి

ఒక కళాకారుడిని అర్థం చేసుకోవడానికి అతడి ఊరు ఎంతవరకు ఉపయోగపడుతుంది? కొంతవరకే. అయినా ఆ కొంతను విడిచిపెట్టకూడదు.

పెన్నా నది ఒడ్డున ఉన్న నెల్లూరుకు తూర్పున మైపాడు దగ్గర సముద్రం కనిపిస్తుంది. ఈ తీరం వెంబడే బకింగ్‌హాం కాలువ మద్రాసు వరకు సాగుతుంది. ఉప్పు, ధాన్యం, కట్టెలు మోసుకుంటూ పడవలు ఆ దారిన తిరిగేవి. 19వ శతాబ్ది ముగిసేనాటికి రైలు మార్గం కూడా వచ్చింది. నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. అప్పట్లో రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే. అందువల్ల నెల్లూరు యువకుడికి తమిళం పరాయి భాష కాదు, మద్రాసు పరాయి ఊరు కాదు. తెలుగు నేలకు దక్షిణపు అంచున పుట్టడం వల్ల పక్క భాష చెవిన పడుతూనే ఉండేది.

ఈ నేలకు కథ చెప్పే సంప్రదాయం కూడా ఉంది. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన సోమయాజి నెల్లూరు వారే. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కన రచనలో విమర్శకులు ప్రధానంగా మెచ్చుకునే గుణం నాటకీయత. పాత్రల మాటల ద్వారా కథను నడపటం, మాటతోపాటు హావభావాన్ని కూడా చూపటం ఆయన పద్ధతి. తిక్కనకూ వై.వి. రావుకూ నేరుగా ముడిపెట్టడం పొరపాటు. కాని హరికథలు, తోలుబొమ్మలాటలు, పద్యనాటకాలు చూస్తూ పెరిగిన ప్రేక్షకులు భారత రామాయణ కథలను 'చూడటానికి' అలవాటు పడ్డారన్నది గుర్తుంచుకోండి. తొలి సినిమాలకు టిక్కెట్టు కొన్నది వాళ్ళే.

7.3 మూకీ చిత్రాలు నేర్పిన కథనం

వై.వి. రావు రంగస్థలం నుంచి సినిమాకు వచ్చారు. మద్రాసులో ఎ. నారాయణన్ స్థాపించిన జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్ మూకీ చిత్రాల్లో నటించారు. ఆ తరువాత దర్శకత్వం చేపట్టి 'పాండవ నిర్వాణ్' (1930), 'హరిమాయ' (1932) వంటి మూకీలు తీశారు.

మూకీ అంటే మాట లేని చిత్రం. మరి కథ ఎలా తెలిసేది? మూడు సాధనాలుండేవి.

1. నటుడి దేహం: కంటి చూపు, చేతి కదలిక, నడక. రంగస్థలం మీద వెనక వరుస వారికి కూడా కనపడేలా చేసే పెద్ద అభినయం కెమెరా ముందు అతిగా కనిపిస్తుంది. దాన్ని తగ్గించుకోవడం నటుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం.

2. అక్షరాల పలకలు: సన్నివేశాల మధ్య తెర మీద కనిపించే వాక్యాలు. దక్షిణాదిలో వీటిని ఒకటి కంటే ఎక్కువ భాషల్లో చూపేవారు.

3. వ్యాఖ్యాత: చదువురాని ప్రేక్షకుల కోసం తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి. మన హరిదాసుకు దగ్గరి చుట్టమని అనుకోవచ్చు.

ఈ మూడింటిలో మొదటిది మాత్రమే దర్శకుడి చేతిలో పూర్తిగా ఉంటుంది. వ్యాఖ్యాత ఏం చెబుతాడో, పలకను ఎవరు చదవగలరో ఎవరికి తెలుసు? అందుచేత మూకీ దర్శకుడు కథను దృశ్యంతోనే నిలబెట్టాలి. ఈ పనిలో ఒక ప్రయోజనం దాగి ఉంది: దృశ్యంతో నిలబడిన కథకు భాష అడ్డురాదు. వై.వి. రావు తరువాత మూడు భాషల్లో ధైర్యంగా చిత్రాలు తీయగలగడానికి ఈ శిక్షణ ఒక పునాది అని భావించవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: సమాధానాన్ని నాలుగైదు వాక్యాలలో రాయండి. పాఠం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
మూకీ చిత్రాలలో కథను ప్రేక్షకులకు అందించిన సాధనాలేవి?

7.4 భాషలు దాటిన కథకుడు

టాకీలు వచ్చిన కొత్తలో మాట ఒక వరంగానూ, ఒక చిక్కుగానూ పరిణమించింది. నేపథ్యగానం ఇంకా లేదు. నటీనటులు కెమెరా ముందే పాడాలి. వాద్యబృందం కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చుని వాయించాలి. మైకు ఎక్కడ ఉంటే అక్కడికే నటుడు కట్టుబడాలి. బాగా పాడగలిగిన వారినే నాటక సమాజాల నుంచి తీసుకువచ్చేవారు. ఫలితంగా చాలా చిత్రాలు కెమెరా ముందు ఆడిన నాటకాల్లా ఉండేవి.

ఈ దశలోనే వై.వి. రావు 'సతీ సులోచన'కు దర్శకత్వం వహించారు. నిర్మాత చమన్‌లాల్ డూంగాజీ. చిత్రీకరణ జరిగింది కొల్హాపూర్‌లో. సుబ్బయ్య నాయుడు ఇంద్రజిత్తుగా, ఆర్. నాగేంద్రరావు రావణుడిగా, త్రిపురాంబ సులోచనగా నటించారు. రచన బెళ్ళావె నరహరిశాస్త్రిది. 1934 మార్చి 3న విడుదలై, తెర మీదికి వచ్చిన తొలి కన్నడ టాకీగా చరిత్రకెక్కింది. నెల్లూరు దర్శకుడు, మార్వాడీ నిర్మాత, మరాఠీ ఊరు, కన్నడ కథ: అప్పటి సినిమాకు భాషా సరిహద్దులు ఎంత పలచగా ఉండేవో చూడండి.

మూడేళ్ళ తరువాత మదురైకి చెందిన రాయల్ టాకీస్ కోసం ఆయన తమిళంలో 'చింతామణి' (1937) తీశారు. వేశ్య చింతామణి మోహంలో పడిన బిల్వమంగళుడు చివరకు కృష్ణభక్తుడుగా మారే కథ ఇది. కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' నాటకం ద్వారా తెలుగు ప్రేక్షకులకు ఈ ఇతివృత్తం అప్పటికే సుపరిచితం. తమిళ చిత్రంలో ఎం.కె. త్యాగరాజ భాగవతార్, కె. అశ్వత్థమ్మ నాయికా నాయకులు. పాటలు పాపనాశం శివన్‌వి. చిత్రం ఏడాదికి పైగా ఆడింది. వచ్చిన లాభంతో నిర్మాతలు మదురైలో చింతామణి పేరుతోనే ఒక థియేటర్ కట్టించారు.

7.5 మూడు చిత్రాలు – ఒకే ప్రశ్న

ఇప్పుడు పాఠంలోని ముఖ్యభాగానికి వద్దాం. వై.వి. రావు చిత్రాల పేర్లను వరుసగా రాసి చూడండి: సతీ సులోచన, చింతామణి, విశ్వమోహిని, సావిత్రి, లవంగి, మానవతి. ఎక్కువ పేర్లు స్త్రీలవే. పేరు మాత్రమే కాదు, కథ బరువును మోసేది కూడా చాలావరకు స్త్రీ పాత్రే. వీటిలో రెండిటికి 'మళ్ళీ పెళ్ళి' కూడా చేర్చి, మూడు చిత్రాలను దగ్గరగా పరిశీలిద్దాం. మూడింటిలోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: భర్త పోతే ఆమె బతుకేమిటి?

(అ) సతీ సులోచన (1934): సులోచన ఇంద్రజిత్తు భార్య. వాల్మీకి రామాయణంలో ఆమె కథ లేదు. జానపద సంప్రదాయంలో, నాటకాల్లో పెరిగిన కథ ఇది. లక్ష్మణుడి చేతిలో భర్త మరణించగా, ఆమె శత్రు శిబిరానికి ధైర్యంగా వెళ్ళి రాముణ్ణి భర్త శిరస్సు అడుగుతుంది. ఆపై భర్తతో సహగమనం చేస్తుంది. యుద్ధంలో ఓడిన పక్షపు స్త్రీ కంటితో రామాయణాన్ని చూపడం ఈ కథలోని విశేషం. కాని ప్రశ్నకు దొరికిన జవాబు మాత్రం పాతదే: భర్తతోపాటు ఆమె కూడా పోవాలి.

(ఆ) మళ్ళీ పెళ్ళి (1939): ఇది తెలుగు సాంఘిక చిత్రం. జగదీష్ ఫిలిమ్స్ పతాకం మీద వచ్చింది. 'సత్య హరిశ్చంద్రీయం' నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం రచన చేశారు. ఓగిరాల రామచంద్రరావు సంగీత దర్శకుడిగా పరిచయమయ్యారు. పసితనంలోనే పెళ్ళయి, పసితనంలోనే వితంతువైన అమ్మాయి పెద్దదై, తనను ప్రేమించిన యువకుణ్ణి వివాహమాడటం ఇందులోని కథ. కాంచనమాల నాయిక, వై.వి. రావు నాయకుడు.

ఈ చిత్రంలోని సాహసం మీకు అర్థం కావాలంటే కొన్ని తేదీలు గుర్తు చేసుకోవాలి. వితంతు పునర్వివాహాలను చట్టబద్ధం చేసిన శాసనం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం 1929 నాటిది. అంటే సినిమా వచ్చేనాటికి చట్టం వచ్చి 83 ఏళ్ళు, మొదటి పెళ్ళి జరిగి 58 ఏళ్ళు. అయినా సమాజంలో మార్పు నత్తనడకనే సాగింది. పుస్తకం చదివేవారికి చేరిన సంస్కరణ, చదువురాని ఇంటి ఆడవారికి చేరలేదు. సినిమా ఆ గడప దాటగలదు. హాలులో స్త్రీల వరుసలో కూర్చున్న ఒక వితంతువు, తెర మీద తనలాంటి అమ్మాయి మెడలో మళ్ళీ తాళి పడటాన్ని కళ్ళారా చూసే అవకాశం కలిగింది. ఉపన్యాసానికి లేని బలం ఇది.

ఇది ఒంటరి ప్రయత్నం కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'తో అస్పృశ్యతను ఎదిరించారు. అందులోనూ కాంచనమాలే నాయిక. మరుసటి ఏడు 1940లో బి.ఎన్. రెడ్డి 'సుమంగళి' వితంతు సమస్యనే చేపట్టింది. తెలుగు సాంఘిక చిత్రం తన కాళ్ళ మీద నిలబడిన ఆ రెండు మూడేళ్ళలో 'మళ్ళీ పెళ్ళి'ది ముఖ్యమైన స్థానం.

(ఇ) సావిత్రి (1941): మళ్ళీ పురాణం, ఈసారి తమిళంలో. యముడి వెంట నడిచి, మాటకు మాట చెప్పి భర్త ప్రాణం తిరిగి తెచ్చుకున్న స్త్రీ కథ. సావిత్రిగా నటించినది మరాఠీ నటి శాంతా ఆప్టే. నారదుడి వేషం వేసినది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. 'కల్కి' పత్రిక స్థాపనకు కావలసిన ధనం కోసం ఆమె ఆ పాత్రను అంగీకరించారన్నది ప్రసిద్ధ విషయం.

శాంతా ఆప్టే ఎంపికను గమనించండి. 1937లో వి. శాంతారాం మరాఠీ చిత్రం 'కుంకూ'లో, ముసలివాడికి కట్టబెట్టిన పెళ్ళిని ఒప్పుకోని యువతిగా ఆమె దేశమంతటా పేరు పొందారు. అన్యాయమైన పెళ్ళిని నిరాకరించిన ఆ ముఖమే ఇప్పుడు పతివ్రతా శిరోమణి పాత్రలో కనిపించింది. ప్రేక్షకుడికి పాత పాత్ర గుర్తుండే ఉంటుంది. అప్పుడు సావిత్రి అణకువ కంటే ఆమె వాదనాపటిమ ఎక్కువగా కనబడటానికి వీలుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే మూడు జవాబులు కనిపిస్తాయి. సులోచన భర్తతో పోయింది. సావిత్రి భర్తను పోనివ్వలేదు. 'మళ్ళీ పెళ్ళి' నాయిక బతికి, మరో జీవితాన్ని ఎంచుకుంది. మొదటి రెండూ పురాణం ఇచ్చిన జవాబులు. మూడవది పురాణంలో లేదు. దాన్ని కొత్తగా రాయవలసి వచ్చింది.

ఇక్కడ మీరొక జాగ్రత్త పాటించాలి. వై.వి. రావు ఈ మూడింటినీ ఒక పథకం ప్రకారం తీశారని మనం చెప్పడం లేదు. కథల ఎంపికలో నిర్మాత, పెట్టుబడి, అప్పటి మార్కెట్టు కూడా పాలుపంచుకుంటాయి. మన పని చిత్రాలలో కనిపించే పోలికను గుర్తించడం వరకే. దర్శకుడి మనసులో ఏముందో చెప్పాలంటే వేరే ఆధారం కావాలి. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు కూడా ఈ తేడాను పాటించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
'సతీ సులోచన', 'మళ్ళీ పెళ్ళి', 'సావిత్రి' కథల మధ్య పోలికను, తేడాను తెలపండి.

7.6 నటుడు కథలో ఎక్కడ నిలబడ్డాడు?

దర్శకుడే నటుడైనప్పుడు సాధారణంగా ఏం ఊహిస్తాం? మంచి పాత్ర తనకే ఉంచుకుంటాడని, కథను తన చుట్టూ తిప్పుకుంటాడని. పై మూడు చిత్రాలలోనూ వై.వి. రావు నటించారు. ఏ పాత్రలు వేశారో చూడండి.

'సతీ సులోచన'లో లక్ష్మణుడు. అంటే సులోచనను వితంతువును చేసినవాడు. 'మళ్ళీ పెళ్ళి'లో వితంతువును పెళ్ళాడే యువకుడు. 'సావిత్రి'లో సత్యవంతుడు. అంటే ప్రాణం పోగొట్టుకుని భార్య ఒడిలో పడి ఉండే భర్త.

చంపినవాడు, చేయందించినవాడు, చనిపోయినవాడు: స్త్రీ జీవితాన్ని మలుపు తిప్పే మూడు పురుష స్థానాలను ఒకే నటుడు పోషించాడు. మూడింటిలో ఏదీ కథను మోసే పాత్ర కాదు. ముఖ్యంగా సత్యవంతుడి సంగతి ఆలోచించండి. కథలో అతి ముఖ్యమైన ఘట్టం జరిగేటప్పుడు అతడు స్పృహలోనే ఉండడు. యముడితో వాదన అంతా సావిత్రిదే. ఆ ఘట్టంలో దర్శకుడిగా ఆయనకు పనుంది గాని నటుడిగా లేదు.

కథాభిమానమంటే కథల మీద ప్రేమ ఉండటం ఒక్కటే కాదు. కథకు అవసరమైన చోట తాను వెనక్కి తగ్గటం కూడా అందులో భాగమే. పెద్ద నటుల కోసమే కథలు అల్లే పద్ధతి తరువాతి దశాబ్దాల్లో బలపడింది. దానితో పోల్చి చూస్తే ఈ తొలితరం నట దర్శకుడి ఎంపిక ఎంత భిన్నమైనదో మీకు తెలుస్తుంది.

7.7 ఇతర చిత్రాలు, తరువాతి తరం

'విశ్వమోహిని' (1940) మరొక కొత్త ప్రయోగం. సినిమా పరిశ్రమ లోపలి ప్రపంచాన్నే కథావస్తువుగా తీసుకున్న తొలి భారతీయ చిత్రాల్లో దీన్ని లెక్కిస్తారు. చిత్తూరు నాగయ్య ఇందులో నటించారు. 'తాసిల్దార్' (1944)లో భానుమతి, సి.హెచ్. నారాయణరావు నటించారు. నవనాగరికత మోజులో పల్లెటూరి భార్యను చిన్నచూపు చూసే ఉద్యోగి కథ అది. 'లవంగి' (1946) తమిళ చిత్రం. మొగలు ఆస్థానానికి వెళ్ళిన తెలుగు పండితుడు జగన్నాథ పండితరాయల ప్రణయగాథ. వై.వి. రావు జగన్నాథుడుగా నటించారు. కుమారి రుక్మిణి కూడా ఈ చిత్రంలో నటించారు. వై.వి. రావు, రుక్మిణి దంపతుల కుమార్తె నటి లక్ష్మి. నాలుగు దక్షిణాది భాషల్లోనూ నటించిన లక్ష్మి దర్శకత్వం కూడా చేపట్టారు. తండ్రి దాటిన భాషా సరిహద్దులను కుమార్తె కూడా దాటారు.

నెల్లూరు జిల్లా నుంచి సినిమాకు కథకులు వస్తూనే ఉన్నారు. నెల్లూరులో పుట్టిన పి. పుల్లయ్య 1935లో 'హరిశ్చంద్ర'తో దర్శకుడయ్యారు. పులికాట్ సరస్సుకు చేరువలోని సూళ్ళూరుపేట ప్రాంతం నుంచి వచ్చిన ఆత్రేయ నాటకకర్తగా, పాటల రచయితగా పేరు పొంది, 'వాగ్దానం' (1961)కు దర్శకత్వం వహించారు. ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు 1987లో 'పుష్పక విమానం' తీశారు. అందులో ఒక్క సంభాషణ కూడా లేదు. మూకీల కాలంలో మాట లేకపోవటం యంత్రం పెట్టిన పరిమితి. సింగీతానికి అది తాను కోరి పెట్టుకున్న నియమం. రెండు సందర్భాల్లోనూ ఫలితం ఒకటే: దృశ్యంతో నడిచిన కథ అన్ని భాషల వారికీ చేరింది.

ఇక ఒక విచారకరమైన విషయం. 'సతీ సులోచన' ప్రతి నేడు లభ్యం కాదు. దక్షిణాది మూకీ చిత్రాలలో పూర్తిగా మిగిలినది 'మార్తాండవర్మ' (1933) ఒక్కటేనని చెబుతారు. అప్పటి ఫిల్మ్ తేలికగా మండిపోయేది, తేమకు పాడయ్యేది. ఆట ముగిసిన సినిమాను దాచాలన్న ఆలోచన కూడా ఎవరికీ ఉండేది కాదు. అందువల్ల ఆనాటి చిత్రాలను మనం పాటల పుస్తకాలు, పత్రికల ప్రకటనలు, మిగిలిన ఫోటోలు, చూసినవారి జ్ఞాపకాల ద్వారా మాత్రమే పునర్నిర్మించుకోవలసి వస్తోంది. హాలు బయట అణాకో రెండణాలకో అమ్మిన పాటల పుస్తకం ఈరోజు చరిత్రకు ఆధారమైంది. మీ ఇంటి అటక మీద అలాంటిది ఉంటే దాన్ని పారవేయకండి.

7.8 సారాంశం

వై.వి. రావు (1903–1973) నెల్లూరులో జన్మించి, రంగస్థలం నుంచి మూకీలకు, మూకీల నుంచి టాకీలకు ప్రయాణించిన నట దర్శకుడు. తొలి కన్నడ టాకీ 'సతీ సులోచన', అఖండ విజయం సాధించిన తమిళ చిత్రం 'చింతామణి', తెలుగులో వితంతు పునర్వివాహాన్ని సమర్థించిన 'మళ్ళీ పెళ్ళి' ఆయన కృషిలో ముఖ్యమైనవి. మూకీలలో దృశ్యం ద్వారా కథ చెప్పే శిక్షణ ఆయన బహుభాషా కృషికి తోడ్పడింది. ఆయన చిత్రాలలో స్త్రీ పాత్రలు కథాకేంద్రంగా నిలిచాయి. భర్త మరణానంతరం స్త్రీ జీవితం అనే ప్రశ్నకు మూడు చిత్రాలు మూడు జవాబులిచ్చాయి. నటుడిగా ఆయన కథను తన చుట్టూ తిప్పుకోక, కథలో తనకు తగిన చోట నిలబడ్డారు.

7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. నటుడి అభినయం, సన్నివేశాల మధ్య చూపే అక్షరాల పలకలు, తెర పక్కన కథ చెప్పే వ్యాఖ్యాత. వీటిలో అభినయం, దృశ్యం మాత్రమే దర్శకుడి అదుపులో ఉంటాయి. అందువల్ల మూకీ దర్శకుడు దృశ్యానికి ప్రాధాన్యమిచ్చాడు.

2. మూడింటిలోనూ భర్త మరణం కథకు మలుపు. సులోచన సహగమనం చేస్తుంది. సావిత్రి భర్త ప్రాణాన్ని తిరిగి సాధిస్తుంది. 'మళ్ళీ పెళ్ళి' నాయిక పునర్వివాహం చేసుకుంటుంది. మొదటిదీ చివరిదీ సంప్రదాయ కథలపై ఆధారపడగా, 'మళ్ళీ పెళ్ళి' సంస్కరణోద్యమం నుంచి వచ్చిన కల్పిత కథ.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ముప్ఫై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దక్షిణ భారత సినిమా తొలిదశలో వై.వి. రావు కృషిని వివరించండి.
2. 'మళ్ళీ పెళ్ళి' చిత్రాన్ని సంఘసంస్కరణోద్యమ నేపథ్యంలో పరిశీలించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తొలి టాకీల చిత్రీకరణలో ఎదురైన సాంకేతిక పరిమితులేవి?
2. వై.వి. రావు ధరించిన లక్ష్మణ, సత్యవంత పాత్రలకు కథలో ఉన్న స్థానాన్ని చర్చించండి.
3. పాత చిత్రాలు లభ్యం కానప్పుడు వాటి చరిత్రను ఏ ఆధారాలతో తెలుసుకోవచ్చు?

7.11 అభ్యాస కృత్యం

మీ ఊళ్ళో డెబ్బై ఏళ్ళు దాటిన ఒకరిని కలవండి. తాము చిన్నప్పుడు చూసిన మొదటి సినిమా కథను చెప్పమని అడగండి. వారు చెప్పినది చెప్పినట్టుగా రాసుకోండి. తరువాత మూడు విషయాలు గమనించండి: వారికి ఏ పాత్ర బాగా గుర్తుంది, ఏ దృశ్యం గుర్తుంది, ఏ మాట గుర్తుంది. వీటిలో దేన్ని వారు తడుముకోకుండా చెప్పారో గుర్తించి, దానికి కారణమేమిటో ఒక పేజీలో రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.